మిల్టన్ ‘రేద్ ప్రిమ్‌రోజ్’ అచ్చుతప్పు కాదు: ఆ పాత విశేషణం అర్థం, వాడుక

మీరు అడిగింది ఇదీ: ఎం.ఏ. ఇంగ్లిష్ సిలబస్‌లో మిల్టన్ రాసిన శోకగీతం ‘లిసిడస్’ చదువుతుంటే పూల పేర్లు వరసగా వచ్చే చోట ‘బ్రింగ్ ద రేద్ ప్రిమ్‌రోజ్ దట్ ఫర్‌సేకెన్ డైస్’ అని ఉంది. ఆ ‘రేద్’ అన్నది ‘రాదర్’కి అచ్చుతప్పా, లేక కోపం అనే అర్థం వచ్చే ‘రాత్’కి పాత స్పెల్లింగా? ఇప్పుడు రాసే ఇంగ్లిష్‌లో వాడొచ్చా? తెలుగులో దాన్ని ఏమనాలి?

ముందు సూటిగా జవాబు చెప్తాను. అచ్చుతప్పు కాదు, కోపానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. ‘రేద్’ అంటే పెందలాడే వచ్చిన, కాలానికి ముందే పూసిన లేదా పండిన అని. స్పెల్లింగ్ ఆర్, ఏ, టి, హెచ్, ఇ. ఇప్పటి ఇంగ్లిష్‌లో చచ్చిపోయిన మాట కిందే లెక్క, డిక్షనరీల్లో ప్రాచీనం, కావ్యభాష, మాండలికం అనే గుర్తులతో కనిపిస్తుంది. మీరు మీ సొంత వ్యాసాల్లో వాడొద్దు. కానీ ‘రాదర్’ అనుకోవడంలో మీరు పూర్తిగా తప్పు కూడా కాదు. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ మాటలో నాకు బాగా ఇష్టమైన భాగం అదే.

పలకడం సంగతి ముందు తేల్చేద్దాం. మన వర్క్‌షాపుల్లో ‘లేత్ మిషన్’ అంటాం కదా, ఆ మాటని ఇంగ్లిష్ వాళ్ళు చివర ‘ద’ శబ్దంతో ‘లేద్’ లాగా పలుకుతారు. దానికి ప్రాస ఈ ‘రేద్’. చివర ‘థ్’ తో పలికే పద్ధతి కూడా కొన్ని డిక్షనరీలు ఇస్తాయి. ఎలా పలికినా ‘రాత్’ అనే కోపం మాటతో కలపొద్దు, దాని ముందు డబ్ల్యూ ఉంటుంది, పుట్టుకే వేరు.

ఇక అర్థం. పాత ఇంగ్లిష్‌లో ‘హ్రథె’ అని ఒక క్రియా విశేషణం ఉండేది. ముందున్న ‘హ’ తర్వాతి కాలంలో రాలిపోయింది, ‘హ్రింగ్’ అన్నది ‘రింగ్’ అయినట్టే, ‘హ్లాఫ్’ అన్నది ‘లోఫ్’ అయినట్టే. దాని మొదటి అర్థం వేగంగా అని, చురుగ్గా అని. మరి వేగం అనే అర్థం నుంచి పెందలాడే అనే అర్థానికి ఎలా వచ్చింది? ఇంగ్లిష్ పిల్లలకి ఇది చెప్పడానికి మాస్టార్లు ఎంత కష్టపడతారో గానీ మనకి ఒక్క నిమిషం పని. ‘త్వరగా నడువు’ అంటే వేగంగా నడవమని. ‘రేపు త్వరగా లే’ అంటే వేగంగా లేవమని కాదు, పొద్దున్నే లేవమని. ఒకే మాట, రెండు అర్థాలు, మనకి ఎప్పుడూ తడబాటు రాదు. శ్రీకాకుళం వైపు ‘బేగి’ అంటారు, ‘బేగి రా’ అన్నా అదే, ‘బేగి లెగు’ అన్నా అదే. తెలంగాణలో ‘జల్ది’ అదే పని చేస్తుంది. పని తొందరగా జరిగితే ముందే అయిపోతుంది, ముందే అయిపోయిందంటే పెందలాడే అయినట్టు. భాష ఏదైనా మనిషి బుర్ర ఈ దారిలోనే నడుస్తుంది.

పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లిష్ కవి చాసర్ ‘షిప్‌మన్స్ టేల్’లో దీన్ని చూడొచ్చు. పొద్దున్నే తోటలో తిరుగుతున్న సన్యాసిని చూసి వర్తకుడి భార్య అడుగుతుంది, ఏమైంది మీకు, ఇంత ‘రేద్’గా లేచారు అని. అక్కడ అది క్రియా విశేషణం. నేను క్లాసులో ఈ వాక్యాన్ని ‘ఇంత పెందలాడే లేచారేం?’ అని చెప్పేవాణ్ణి, ఇక వేరే వివరణ అక్కర్లేకపోయేది. మా వైపు పెద్దవాళ్ళు ‘పెందరాళే’ అంటారు, పుస్తకాల్లో ‘పెందలకడ’. ‘రేద్’కి తెలుగులో ఇంత దగ్గరి మాట ఇంకోటి నాకు తట్టలేదు. పైగా ఈ తెలుగు మాట కూడా ఇప్పుడు పిల్లల నోట వినపడటం తగ్గిపోతోంది, అందరూ ‘ఎర్లీగా’ అంటున్నారు. అది వింటే నాకు బాధగానే ఉంటుంది.

ఇప్పుడు మీ ‘రాదర్’ దగ్గరికి వద్దాం. ‘రాదర్’ అనేది ఈ ‘రేద్’కే తర-రూపం, అంటే కంపారిటివ్. ఫాస్ట్, ఫాస్టర్ లాగా రేద్, రాదర్. ఒకప్పుడు ‘రేదెస్ట్’ లాంటి తమ-రూపం, అంటే సూపర్లేటివ్, కూడా ఉండేది. మొదటిదీ చివరిదీ పోయి నడిమిది మాత్రం మిగిలింది. మీరు రోజుకి పదిసార్లు ‘ఐ వుడ్ రాదర్’ అంటున్నారంటే, ఈ పాత మాట కూతురితో రోజూ మాట్లాడుతున్నట్టే, తల్లి ఎవరో తెలియదు అంతే. ఇలాంటిదే ఇంకో కుటుంబం ‘నై, నియర్, నెక్స్ట్’. నేటి ‘నియర్’ నిజానికి ఒకప్పటి తర-రూపం, ‘ఇంకా దగ్గర’ అని దాని అర్థం. మనం దాని మీద మళ్ళీ ‘నియరర్’ కట్టుకున్నాం.

సరే, ‘ఇంకా ముందు’ అనే మాట ‘అంతకంటే ఇదే నయం’ అనే అర్థానికి ఎలా మారింది? ‘ముందు ప్రాణం, తర్వాతే డబ్బు’ అంటాం. ‘నాకు పిల్లల చదువే ముందు’ అంటాం. అక్కడ ‘ముందు’ అంటే గడియారం లెక్క కాదు, ఇష్టం లెక్క, ముఖ్యం లెక్క. ఇంగ్లిష్‌లోనూ అదే జరిగింది. ‘ఆ పని కంటే ముందు ఈ పని చేస్తాను’ అనేది మెల్లగా ‘ఆ పని కంటే ఈ పనే నాకు ఇష్టం’ అయింది. ‘ఐ వుడ్ సూనర్ డై’ అనే మాట కూడా ఈ బాటలోదే. ఫ్రెంచ్ వాళ్ళ ‘ప్లుటో’ని విడదీస్తే వచ్చేది ‘ఇంకా పెందలాడే’, జర్మన్ ‘ఏయర్’ కూడా అంతే, రెండూ ఇప్పుడు రాదర్ చేసే పనే చేస్తున్నాయి. ఆ ఇష్టం అర్థం నుంచి ‘ఇంకా సరిగ్గా చెప్పాలంటే’ అనే అర్థం, ‘ఆర్ రాదర్’ అంటాం చూడండి, అది వచ్చింది. తర్వాత ‘రాదర్ హాట్’ లోలాగ ‘కాస్త ఎక్కువే’ అనే అర్థం దాకా సాగింది. వేగంతో బయలుదేరిన మాట ఎక్కడ తేలిందో చూడండి.

ఈ పుట్టుక తెలిస్తే వ్యాకరణం ఒకటి సులువుగా గుర్తుంటుంది. మన పిల్లలు ‘ఐ వుడ్ రాదర్ టు గో’ అని రాస్తారు. ‘ఐ వుడ్ సూనర్ గో’ అని మనసులో పెట్టుకుంటే ఆ ‘టు’ దానంతటదే రాలిపోతుంది. రెండోది, ‘రాదర్ దాన్’ లో వచ్చేది పోలిక చెప్పే ‘దాన్’, ‘తర్వాత’ అని చెప్పే ‘దెన్’ కాదు, తర-రూపం తర్వాత పోలిక రావాలి కాబట్టి. ముప్పై ఏళ్ళు డిగ్రీ, పీజీ పిల్లలకి చెప్పాను, సూత్రం బట్టీ పట్టించినప్పటికన్నా ఈ కథ చెప్పినప్పుడే ఎక్కువమందికి నిలబడింది.

‘రాదర్’ విశేషణంగా నిలబడిన చోటు ఒకటి చూపిస్తాను, ఇది మీకు తప్పకుండా ఉపయోగపడుతుంది. ఇంగ్లిష్ కవి స్పెన్సర్ 1579లో అచ్చేసిన ‘షెపర్డ్స్ క్యాలెండర్’ ఫిబ్రవరి భాగంలో ‘ద రాదర్ లాంబ్స్’ చలికి చచ్చిపోతున్నాయని ఒక వాక్యం ఉంది. ‘రాదర్ లాంబ్స్’ ఏమిటి, ఇక్కడ మాట పడిపోయిందా అని మొదటిసారి చదివినవాళ్ళు ఆగిపోతారు. అంటే మిగతావాటికంటే ముందుగా, ఏడాది మొదట్లోనే పుట్టిన గొర్రెపిల్లలు. విశేషమేమిటంటే ఆ పుస్తకంతో పాటే ‘ఇ.కె.’ అనే పొడి అక్షరాలతో అచ్చయిన టిప్పణిలో ఈ మాటకి అర్థం రాసిపెట్టారు, ఏడాది తొలినాళ్ళలో ఈనినవి అని. అంటే 1579 నాటికే ఇది అందరికీ తెలిసిన మాట కాదు, స్పెన్సర్ కావాలనే పాత పల్లెటూరి మాటలు ఏరి తెచ్చి పెట్టాడు. అదే పుస్తకం డిసెంబరు భాగంలో ‘నా పంట మరీ రేద్‌గా తొందరపడి వచ్చేసింది’ అనే అర్థం వచ్చే వాక్యం ఉంది. ఆ వెంటనే, అందంగా వేసిన వెన్ను మాడిపోయిందంటాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. చాలా నోట్సుల్లో ‘రేద్ అంటే ఎర్లీ’ అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. తప్పు కాదు, కానీ సగమే. కావ్యాల్లో ఈ మాట వచ్చిన చోట చాలాసార్లు ‘ముందుగా వచ్చింది, అందుకే చిక్కుల్లో పడింది’ అనే నీడ ఉంటుంది. ముందు పుట్టిన గొర్రెపిల్ల చలికి పోతుంది, ముందు వేసిన వెన్ను మాడిపోతుంది. ఈ నీడ పట్టుకోకపోతే మిల్టన్ వాక్యం అందదు.

దీన్ని నేను పుస్తకంలో కంటే తోటలో బాగా తెలుసుకున్నాను. మా మేనమామ గారికి నూజివీడు దగ్గర మామిడి తోట ఉండేది. ఒక ఏడాది డిసెంబరులోనే చెట్లు విరగబూశాయి, ఊళ్ళో అందరి కంటే ముందు. చూడటానికి ఆకు కనపడనంత పూత. సంక్రాంతి దగ్గర పడేసరికి వరసగా పొగమంచు, దాని వెంట తేనెమంచు పురుగు. పూత నల్లబడి, కొమ్మని కాస్త కదిపితే బూడిదలా చేతిలోకి రాలింది. మామయ్య ఏమీ అనలేదు, ఒక రెమ్మ తుంచి వేళ్ళ మధ్య నలిపి చూసి ‘తొందరపడ్డాయిరా’ అన్నాడు. ఆ తర్వాత స్పెన్సర్ వాక్యం చదివిన ప్రతిసారీ నాకు ఆ రెమ్మే గుర్తొచ్చేది.

ఇప్పుడు లిసిడస్. కేంబ్రిడ్జి క్రైస్ట్స్ కాలేజీలో మిల్టన్‌తో పాటు చదివిన ఎడ్వర్డ్ కింగ్ 1637 ఆగస్టులో ఐర్లండ్ వెళ్తుంటే ఓడ మునిగి చనిపోయాడు. వయసు పాతికేళ్ళు. తోటివాళ్ళు స్మృతి సంచిక ఒకటి వేశారు, 1638లో వచ్చింది, అందులో చివరి కవిత ఇదే. కింగ్‌కి ఇందులో మిల్టన్ పెట్టిన పేరే లిసిడస్. కవిత మొదలు చూడండి: లారెల్ చెట్టూ, నీ కాయలు ఇంకా పచ్చిగా, వగరుగా ఉన్నాయి, పండే కాలం రాకముందే నీ ఆకులు దూసేస్తున్నాను, తప్పదు అంటాడు. ఎందుకు తప్పదు? లిసిడస్ ‘డెడ్ ఎర్ హిజ్ ప్రైమ్’, నిండు వయసు రాకముందే పోయాడు కాబట్టి. అంటే మొదటి పది పంక్తుల్లోనే ‘కాలానికి ముందు’ అనే మాట మూడు రకాలుగా చెప్పేశాడు.

ఇంత చేసిన వాడు, కవిత చివరికొచ్చాక లిసిడస్ పాడె మీద చల్లడానికి పూలు తెమ్మంటూ మొట్టమొదట పిలిచింది ఏ పువ్వుని? ప్రిమ్‌రోజ్‌ని. అది లేత పసుపు రంగు, అయిదు రేకులు, ఇంగ్లండులో చలి ఇంకా పూర్తిగా పోకముందే గట్ల మీద పూసే చిన్న పువ్వు. పేరులోనే తొలి పువ్వు అనే అర్థం ఉంది, లాటిన్ ‘ప్రిమా రోజా’ నుంచి వచ్చింది. దానికి ముందు ‘రేద్’. తొలిపూతల్లో తొలి పువ్వు, అదీ ఎవరూ పట్టించుకోకుండా వాడిపోతుంది. పైన ‘ప్రైమ్’ రాకుండానే పోయిన మనిషి, ఇక్కడ ‘ప్రిమ్’ అని మొదలయ్యే పువ్వు. ఇక్కడ ‘ఎర్లీ ప్రిమ్‌రోజ్’ అని రాసినా అర్థం సరిపోయేది, కానీ ఆ మాటకి పొలం వాసన ఉండదు, ఆ ‘తొందరపడ్డాయిరా’ అనే జాలి ఉండదు. కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీలో మిల్టన్ స్వహస్తంతో రాసుకున్న ప్రతి ఉంది, అందులో ఈ పంక్తి మొదట ‘అన్‌వెడెడ్ డైస్’ అని, పెళ్ళి కాకుండానే చనిపోయే పువ్వు అని ఉంది. షేక్‌స్పియర్ ‘వింటర్స్ టేల్’లో ప్రిమ్‌రోజ్‌లు పెళ్ళి కాకుండానే పోతాయి అనే మాట ఉంది, దాని ఛాయ ఇది. తర్వాత మిల్టన్ దాన్ని ‘ఫర్‌సేకెన్’, అంటే అందరూ విడిచిపెట్టేసిన, అని మార్చాడు. ‘రేద్’ని మాత్రం ముట్టుకోలేదు. పరీక్షలో ఈ పంక్తి సందర్భసహిత వ్యాఖ్యకి వస్తే ఈ ఒక్క సంగతి రాయండి చాలు, దిద్దేవాడు కలం ఆపి చదువుతాడు.

కోపం అనే అర్థం మీకు ఎక్కడ దొరికిందో నాకు తెలుసనుకుంటాను. పేపర్లు దిద్దే రోజుల్లో ఒక ఏడాది ఒకే సెంటర్ కట్టలో వరసగా ‘కోపంతో ఉన్న ప్రిమ్‌రోజ్’ అని చూశాను. మృత్యువు మీద ఆ పువ్వుకి కోపం వచ్చిందట, దాని మీద అరపేజీ వ్యాఖ్య. పిల్లల తప్పు కాదు, ఏదో గైడులో అలా అచ్చయింది, అందరూ అది నమ్మారు. నాకు మార్కులు కోయడానికి చేయి రాలేదు గానీ కోయక తప్పలేదు. ఒక కష్టమైన మాట వచ్చినప్పుడు గైడు కాకుండా మంచి పెద్ద డిక్షనరీ తీసి చూసే అలవాటు ఒక్కటి చేసుకోండి, మిల్టన్ సగం లొంగుతాడు. ఇంకో పొరపాటు: ‘రాత్’ అని చివర ఇ లేకుండా వెతికితే ఐర్లండులోని పాతకాలపు మట్టికోటల గురించి వస్తుంది, దానికీ దీనికీ సంబంధం లేదు. పాత ప్రతుల్లో మన మాటని కూడా చివర ఇ లేకుండా రాసిన చోట్లు ఉన్నాయి కాబట్టి వాక్యం చూసి తేల్చుకోవాలి.

కంప్యూటర్ విషయంలో కూడా జాగ్రత్త. ఒకసారి క్లాసుకి ఈ కవిత టైపు చేయించి జిరాక్స్ తీయించి పంచాను. పిల్లలందరి కాగితాల్లోనూ ‘ద రాదర్ ప్రిమ్‌రోజ్’ అని ఉంది, స్పెల్‌చెక్ దానంతటదే దిద్దేసింది. నేను ప్రూఫు సరిగ్గా చూడలేదు. ఆ రోజు పాఠం మొత్తం ఆ ఒక్క అక్షరం మీదే నడిచింది, ‘రాదర్ ప్రిమ్‌రోజ్’ అన్నా స్పెన్సర్ కాలం వాడికి అర్థమయ్యేదేనని, కాకపోతే ‘మిగతావాటి కంటే ముందు పూసిన’ అవుతుందని చెప్పాను. మీరు చూసిన ప్రతిలో కూడా ఏ పంక్తిలోనైనా ‘రాదర్’ అని ఉంటే అది ఇలా వచ్చిందే అయ్యుంటుంది.

ఇక ఇప్పుడు వాడొచ్చా అన్నది. 19వ శతాబ్దంలో టెన్నిసన్ దీన్ని మళ్ళీ పైకి తెచ్చాడు, 1850లో వచ్చిన ‘ఇన్ మెమోరియమ్’లో ‘మెన్ ఆఫ్ రేద్ అండ్ రైపర్ ఇయర్స్’ అంటాడు, అంటే లేత వయసువాళ్ళూ, ముదిరినవాళ్ళూ. ఆయనే ఇంకోచోట చెప్పిన ఎలేన్ అనే అమ్మాయి కథలో ‘రేద్ షి రోజ్’, పెందలాడే లేచింది, అనీ ఉంది. ఆ తర్వాత ఎక్కడైనా కనపడితే పాతదనం కోసం కావాలని పెట్టిందే. పల్లెల్లో మాత్రం నైరుతి ఇంగ్లండు మాండలికాల్లో ‘రేద్-రైప్’, ముందుగా పండే రకం, అని పళ్ళకీ బఠానీలకీ అనేవారు. అది అమెరికా వెళ్ళి ‘రేర్‌రైప్’గా మారింది, అక్కడ ముందుగా పండే పీచ్ పండుకి ఆ పేరు. రైతు నోట్లో మాట అంత తొందరగా చావదు, మన దగ్గర ‘పునాస’, ‘ముంగారు’ అన్న మాటలు బతికున్నట్టే.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి విదేశీ యూనివర్సిటీకి పంపే ఎస్.ఓ.పీ.లో, అంటే ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే వ్యాసంలో, తనకి సాహిత్యం మీద చిన్నప్పటి నుంచి ‘రేద్ ఇంట్రెస్ట్’ ఉందని రాసి నాకు చూపించింది. తీసేయమన్నాను. కారణం ఏమిటంటే, చదివేవాళ్ళు దాన్ని ‘రాదర్’కి టైపింగ్ తప్పు అనుకుంటారు, తెలిసినవాళ్ళు ఉన్నా ఆ మాట అక్కడ అతకదు, ఎందుకంటే ఈ విశేషణం పువ్వుకో పండుకో పంటకో పొద్దుకో అలవాటు పడింది, ఇంట్రెస్ట్‌కి కాదు. ఐఈఎల్‌టీఎస్ లాంటి పరీక్షల్లో అరుదైన మాటలు వేస్తే మార్కులు పెరుగుతాయని కోచింగుల్లో చెప్తుంటారు, దానికోసం ఇలాంటివి దూర్చకండి. చదివినప్పుడు గుర్తుపట్టడానికి నేర్చుకోండి, రాయడానికి కాదు. మీరు ఇంగ్లిష్‌లో కవిత్వం రాస్తుంటే మాత్రం మీ ఇష్టం, అక్కడ కూడా చుట్టూ ఉన్న మాటలు దాన్ని మోయగలగాలి.

తెలుగులో ఏమనాలి అన్నారు. క్రియా విశేషణమైతే ‘పెందలాడే’ ఉండనే ఉంది. విశేషణానికి ఒక్క మాట దొరకదు, సందర్భాన్ని బట్టి మార్చుకోవాలి. గొర్రెపిల్లలకి ‘ముందీతవి’ అనొచ్చు, పంటకి ‘పునాస’ అనొచ్చు గానీ అది మన కార్తెల లెక్క కాబట్టి ఇంగ్లండు పొలంలో పెడితే కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. ‘అకాల’ అని కొందరు అనువదించారు, నాకు నచ్చదు, అకాలం అంటే రావలసిన కాలం కానే కాదని, రేద్ అంటే కాలం అదే గానీ తొందరపడింది అని. ‘తొలి’ అని ఒక్కటే పెడితే ఆ జాలి రాదు. నేను క్లాసులో చాలా రకాలుగా మార్చి మార్చి చెప్పి, చివరికి ఈ పంక్తి దగ్గర ఆగాను: ‘పెందలాడే పూసి, పలకరించే దిక్కులేక వాడిపోయే ఆ ప్రిమ్‌రోజ్‌ని తెండి’. ‘దిక్కులేక’ అనే మాట ‘ఫర్‌సేకెన్’కి కాస్త ఎక్కువైందని ఒక కుర్రాడు అన్నాడు, ఆలోచిస్తే నిజమే అనిపించింది. ఇంతకంటే మెరుగైనది మీకు తడితే కింద రాయండి, నేను చూస్తాను.